వరుస తప్పకుండా దువ్వండి: షిట్జు పెంపకం

నేను 34 ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. అచ్చుతప్పు ఎక్కడ దాక్కుంటుందో నాకు బాగా తెలుసు. అందరూ చదివేశామనుకున్న చోట, అంటే పెద్ద అక్షరాల శీర్షికలోనో బొమ్మ కింది వాక్యంలోనో ఉంటుంది. ఆ విద్య కుక్కను పెంచడానికి పనికొస్తుందని మాత్రం పదవీ విరమణ అయ్యేదాకా అనుకోలేదు. షిట్జు జాతి కుక్క అంటే ఒంటి నిండా వెంట్రుకలు. వాటి కింద చిక్కు దాక్కుంటుంది, పుండు దాక్కుంటుంది, పిడుదు దాక్కుంటుంది, చివరికి కొవ్వు కూడా దాక్కుంటుంది. పైనుంచి చూస్తే మాత్రం ఎప్పుడూ ముద్దుగానే కనిపిస్తుంది. అందుకే ఈ జాతి గురించి ఎవరడిగినా తిండితోనో టీకాలతోనో కాక దువ్వెనతో మొదలుపెడతాను.

మా కుక్క పేరు చేమంతి. మా అమ్మాయి మూడు నెలల పిల్లగా తెచ్చుకుంది. ఉద్యోగం మారుతూ "రెండు నెలలు చూసుకోండి నాన్నా" అని నా దగ్గర వదిలి వెళ్ళింది. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు. చేమంతికి ఇప్పుడు 11 ఏళ్ళు. ఆ పేరు అమ్మాయి ఊరికే పెట్టలేదు. షిట్జుకు ముక్కు మీది వెంట్రుకలు కిందికి వాలవు. పైకీ పక్కలకూ రేకుల్లా విచ్చుకుంటాయి. ఈ జాతిని పెంచేవాళ్ళందరూ దాన్ని చేమంతి మొహం అనే అంటారు.

ఇది ఎలాంటి కుక్క

చైనా భాషలో పేరుకు అర్థం సింహం కుక్క. మూలాలు టిబెట్‌లో ఉన్నాయంటారు. పెరిగింది మాత్రం చైనా రాజభవనంలో. రాజమాత సీషీ వీటిని అంతఃపురంలో ప్రత్యేకంగా పెంచింది. 1908లో ఆమె పోయాక ఆ శ్రద్ధ కూడా పోయింది. 1930లో ఒక సైనికాధికారి దంపతులు కొన్నింటిని ఇంగ్లాండు తీసుకెళ్ళారు. 1969లో కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని టాయ్, అంటే బొమ్మలాంటి చిన్న కుక్కల గుంపులో చేర్చుకుంది. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ మాత్రం 'యుటిలిటీ', అంటే ప్రయోజనం అనే పేరున్న గుంపులో పెట్టింది. దీనివల్ల ఏమిటా ప్రయోజనం అని నేను చాలాకాలం ఆలోచించాను. ఒళ్ళో కూర్చోవడం తప్ప మరొకటి తట్టలేదు.

ఎత్తు 9 నుంచి 10.5 అంగుళాలు, బరువు 4 నుంచి 7 కిలోల దాకా ఉంటుంది. చూడడానికి బొమ్మలా ఉన్నా ఎత్తుకుంటే గట్టిగా, బరువుగా అనిపిస్తుంది. చక్కగా చూసుకుంటే పదేళ్ళు దాటి పదిహేనేళ్ళ దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా బతుకుతుంది. 'టీకప్' అనీ 'ఇంపీరియల్' అనీ అరచేతిలో పట్టే పిల్లల్ని అమ్మజూపితే కొనకండి. అలాంటి ప్రత్యేక జాతిని ఏ పెద్ద కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. బలహీనంగా పుట్టిన పిల్లలకు తగిలించిన అందమైన పేర్లు అవి. పిల్లకు ఎనిమిది వారాలు నిండాకే తెచ్చుకోండి. తల్లిని చూపించమని అడగండి. తల్లి ఊపిరి తీసుకుంటుంటే గురక వినిపిస్తోందా, కళ్ళు తేటగా ఉన్నాయా చూడండి. పిల్ల కంటే తల్లే ఎక్కువ విషయాలు చెబుతుంది.

కాపలాకు ఇది పనికిరాదు. కొత్తవాళ్ళు వస్తే తోక ఊపుతుంది. దొంగ వచ్చినా ఊపుతుందనే నా నమ్మకం. రోజుకు అరగంట నడక, కాసేపు ఆట చాలు. మొండితనం ఉంది. పిలిస్తే వినపడనట్టు నటించగలదు. అరిస్తే ఇంకా బిగుసుకుంటుంది. మూత్ర విసర్జన క్రమం నేర్చుకోవడానికి పెద్ద కుక్కల కంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది, ఎందుకంటే మూత్రాశయమే చిన్నది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడిన వెంటనే బయటికి తీసుకెళ్ళాలి. పని అయిన ఆ క్షణంలోనే మెచ్చుకోవాలి. చేమంతికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో మా ఇంట్లో పాత దినపత్రికలు ఒక్కటీ మిగలలేదు.

వెంట్రుకలు రాలవు అంటే ఏమిటి

షిట్జుకు వెంట్రుకలు రాలవని చెప్పి అమ్ముతారు. అది సగం నిజం. రాలతాయి, కానీ నేల మీద పడవు. పైపొర పొడవుగా, లోపలి పొర మెత్తగా ఉంటుంది. ఊడిన వెంట్రుక ఆ రెండింటి మధ్య ఇరుక్కుని పక్కవాటిని చుట్టుకుంటుంది. నాలుగు రోజులు వదిలేస్తే దారపు ఉండ అవుతుంది, రెండు వారాలు వదిలేస్తే అట్ట కడుతుంది. అంటే సోఫా మీద వెంట్రుకలు కనబడలేదంటే అవన్నీ కుక్క ఒంటి మీదే ఉన్నాయన్నమాట. ఇంకో మాట. ఎలర్జీ ఉన్నవాళ్ళకు ఈ జాతి సరిపోతుందని కూడా అంటారు. ఎలర్జీ తెచ్చేవి కుక్క లాలాజలంలోనూ చర్మపు పొట్టులోనూ ఉంటాయి. అవి లేని కుక్క లేదు. ఇంట్లో ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటే కొనకముందే ఇలాంటి కుక్కతో కొన్ని గంటలు గడిపి చూడమనండి.

దువ్వడానికి మూడు వస్తువులు కావాలి. పొడవాటి పిన్నులున్న బ్రష్షు, ఒక సగం పళ్ళు దూరంగానూ మరో సగం దగ్గరగానూ ఉన్న స్టీలు దువ్వెన, నీళ్ళు చిమ్మే సీసా. బ్రష్షు పిన్నుల చివర గుండ్రటి ఉండలు ఉండకూడదు, అవి వెంట్రుకల్ని తగులుకుని తెంపుతాయి. పొడి బొచ్చును దువ్వినా వెంట్రుకలు తెగుతాయి కాబట్టి ముందు కాస్త నీళ్ళు చిమ్మండి.

కుక్కను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పొట్ట దగ్గర మొదలుపెట్టాలి. ఎడమ అరచేత్తో బొచ్చునంతా పైకి ఎత్తి పట్టుకుని, అడుగున ఒక్క వరుస మాత్రం కిందికి వదలండి. ఆ వరుస మొదట్లో చర్మం కనబడాలి, గులాబీ రంగులోనో మచ్చలుగానో. అక్కణ్ణుంచి చివరిదాకా బ్రష్షు చేయండి. తర్వాత వేలి మందం పైన ఇంకో వరుస. అలా వెన్నెముక దాకా వెళ్ళాలి. ప్రూఫు చూసేటప్పుడు వరుస కింద స్కేలు పెట్టుకుని చదివేవాళ్ళం, లేకపోతే కన్ను వాక్యాన్ని ఊహించుకుని ముందుకు దూకేస్తుంది. ఇక్కడ చెయ్యి దూకేస్తుంది. పైపైన బ్రష్షు చేస్తే పై రెండు అంగుళాలు పట్టులా మెరుస్తాయి. అడుగున అట్ట అలాగే ఉంటుంది.

బ్రష్షు అయ్యాక స్టీలు దువ్వెన. ఇది దిద్దిన ప్రూఫును మళ్ళీ చూసుకోవడం లాంటిది. మొదట దూరపు పళ్ళు, తర్వాత దగ్గరి పళ్ళు. వేరు నుంచి కొస దాకా ఆగకుండా జారితే ఆ వరుస అయినట్టు. ఆగితే అక్కడ చిక్కు ఉంది. ఎక్కువగా ఉండేవి చెవుల వెనుక, చంకల్లో, తొడల లోపల, నడకకు తొడిగే పట్టీ ఒరుసుకునే చోట, గడ్డం కింద. రోజంతటికీ రెండు నిమిషాలే దొరికితే ఈ చోట్లు మాత్రం చూడండి, వీపు వదిలేయండి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు, ఎందుకంటే అతిథులకు కనబడేది వీపు.

చిక్కు దొరికితే లాగకండి. వేర్ల దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి, అప్పుడు ఆ లాగుడు చర్మానికి తెలియదు. కాస్త మొక్కజొన్న పిండి చల్లి వేళ్ళతోనే ఉండను రెండుగా, నాలుగుగా విడదీయండి. తర్వాత దువ్వెన చివరి పన్నుతో కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వేరు వైపు రండి. కత్తెర మాత్రం వద్దు. చిక్కు బిగిసేకొద్దీ కింది చర్మాన్ని గుడారంలా పైకి లాక్కుంటుంది. మీరు వెంట్రుకలు అనుకుని కత్తిరించేది చర్మం కావచ్చు. అది పలుచటి చర్మం, కుట్లు పడతాయి.

పిల్ల ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే అలవాటు చేయండి. అప్పుడు దువ్వడానికి అంత బొచ్చు ఉండదు, అయినా రెండు నిమిషాలు ఒళ్ళో పడుకోబెట్టి బ్రష్షు తాకించండి. పాదాలు పట్టుకోండి, పెదవి ఎత్తి పళ్ళు చూడండి, చెవిలోకి చూడండి. పెద్దయ్యాక ఇవన్నీ కొత్తగా మొదలుపెడితే కుస్తీయే.

నేను చేసిన తప్పు

ఏడాది దగ్గరపడుతుండగా పిల్లబొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది. ఆ కొన్ని వారాలు ఉదయం దువ్వింది సాయంత్రానికి చిక్కు పడుతుంది. చేమంతికి పది నెలలప్పుడు సరిగ్గా అదే జరుగుతోంది, నాకు తెలియదు. రెండు రోజులు జ్వరంతో పడుకుని దువ్వడం మానేశాను. లేచాక చూస్తే ఒళ్ళంతా ముద్దలు ముద్దలుగా ఉంది. స్నానం చేయిస్తే మెత్తబడి విడిపోతాయి కదా అనుకున్నాను. బకెట్టు నీళ్ళు, షాంపూ, బాగా రుద్దుడు. ఆరాక చేత్తో తడిమితే గొంగడి తగిలింది. నీళ్ళు తగిలిన చిక్కు ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. ఉన్నిని తడిపి రుద్ది కంబళి చేసే పద్ధతి అదే. నేను బతికున్న కుక్క మీద చేశాను.

కుక్కల బొచ్చు కత్తిరించే గ్రూమర్ ఒక్కసారి వేలు పెట్టి చూసి "అంతా తీసేయాల్సిందే సార్" అన్నారు. మెషీను పెట్టాక బొచ్చు విడివిడిగా రాలలేదు, చొక్కా విప్పినట్టు ఒకే ముక్కగా ఊడివచ్చింది. దాని కింద రెండు చంకల్లోనూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఎన్నాళ్ళుగా నొప్పి పడుతోందో, ఒక్కసారీ మూలగలేదు. ఇంటికి తెచ్చాక మూడు రోజులు మంచం కిందే ఉంది. మా ఆవిడ ఆ మూడు రోజులూ నాతో పెద్దగా మాట్లాడలేదు.

కాబట్టి వరుస ఇది: ముందు దువ్వడం, తర్వాత స్నానం, ఆరబెడుతూ మళ్ళీ దువ్వడం. రెండు మూడు వారాలకోసారి స్నానం చాలు. కుక్కల షాంపూ వాడండి, మనుషుల షాంపూ వాటి చర్మానికి సరిపడదు. షాంపూను నీళ్ళలో కలిపి పోసి బొచ్చు పొడవునా పైనుంచి కిందికి పిండుతూ రావాలి. గుండ్రంగా రుద్దకూడదు. నురుగు పోయిందనిపించాక ఇంకోసారి కడగండి. తువ్వాలుతో అద్దండి. డ్రయ్యరు తక్కువ వేడిలో, ఒక జానెడు దూరం నుంచి, మీ రెండో చెయ్యి ఆ గాలి దారిలో పెట్టి పట్టండి. మీ చేతికి కాలితే దానికీ కాలుతుంది. లోపలి పొర తడిగా వదిలేస్తే వాసన, తర్వాత దురద, ఆపైన పుండ్లు.

ఇంత పొడవు బొచ్చు పెంచి తీరాలని ఎక్కడా రాసిలేదు. ప్రదర్శనలకు తీసుకెళ్ళని వాళ్ళు ఒక అంగుళం వదిలి అంతా సమంగా కత్తిరించే 'పప్పీ కట్' చేయించుకోవచ్చు. దువ్వే పని సగానికి తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎండాకాలమని గుండు మాత్రం చేయించకండి, చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది.

కళ్ళు

ఇక్కడ తొందరపడకుండా చదవండి. షిట్జు కళ్ళు పెద్దవి, అవి ఉండే గూళ్ళు లోతు తక్కువ. ముక్కు పొట్టి కాబట్టి ఏది తగిలినా ముందు తగిలేది కంటికే. మెడ వెనక చర్మం పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి. ఈ జాతిలో గుడ్డు గూటిలోంచి బయటికి రావడం కూడా జరుగుతుంది. అలా అయితే శుభ్రమైన తడిగుడ్డ కప్పి నేరుగా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, లోపలికి నెట్టే ప్రయత్నం చేయకూడదు.

రోజూ ఉదయం కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి కంటి మూల నుంచి బయటికి తుడవండి. ఒక్కో కంటికి వేరే దూది. కన్నీటి దారిలో ఎర్రగోధుమ రంగు చార ఉంటే భయపడనక్కర్లేదు, కన్నీటిలో ఉండే పదార్థమే ఆ రంగు ఇస్తుంది. పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో చిక్కటి పుసి వస్తే మాత్రం మామూలు విషయం కాదు. నుదుటి మీది వెంట్రుకలు కళ్ళలో పడకుండా పిలక వేయండి, లేదా కత్తిరించండి. పిలక బిగిస్తే చర్మం లాగి నొప్పి పెడుతుంది. కట్టాక కుక్క కనుబొమ్మలు కదపగలగాలి. రబ్బరు బ్యాండును లాగి తీయకుండా కత్తిరించేయండి.

చేమంతికి నాలుగేళ్ళప్పుడు ఒక సాయంత్రం ఎడమ చెంప దువ్వుతుంటే తల వెనక్కి తీసుకుంది. అంతకుముందెప్పుడూ అలా చేయలేదు. కన్ను కాస్త చిన్నగా ఉందా అని అనుమానం వచ్చింది, ముందు జుట్టు ఉండడంతో తెలియలేదు. ఇంట్లో ఎవరికో వాడిన కంటి చుక్కల సీసా మిగిలి ఉంది. మూత తీసి కూడా ఆగిపోయాను. మర్నాడు డాక్టరు ఆ కంట్లో ఏదో రంగు వేసి నీలం లైటు పట్టారు. నల్లగుడ్డు అంచున ఆవగింజంత ఆకుపచ్చ మెరుపు కనబడింది. అదే పుండు. నేను తీసిన సీసా పేరు చెబితే ఆయన తల పట్టుకున్నారు. అందులో స్టెరాయిడ్ ఉందట. పుండు మీద స్టెరాయిడ్ పడితే మానకపోగా లోతుగా తినేస్తుంది, చూపే పోవచ్చు. కళ్ళు చికిలిస్తే, పాదంతో రుద్దుకుంటే, వెలుగు చూడలేకపోతే సొంత వైద్యం చేయకండి, ఆ రోజే చూపించండి.

మిగిలినవి, వేగంగా

చెవులు వేలాడుతాయి కాబట్టి లోపల గాలి ఆడదు. వారానికోసారి ఎత్తి వాసన చూడండి. పులిసిన వాసన, నల్లటి జిగట, తల విదిలించడం ఉంటే డాక్టరు. పుల్లకు చుట్టిన దూది లోపలికి దూర్చకండి.

పళ్ళు ఈ జాతికి పెద్ద సమస్య. చిన్న దవడలో 42 పళ్ళు ఇరుక్కోవాలి. ఏడు నెలలు దాటినా పాలపన్ను ఊడకుండా దాని పక్కనే కొత్తది కనబడితే చూపించండి. కుక్కల టూత్‌పేస్టుతో రోజూ తోమాలి. మనుషులది వద్దు, కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కూడా అంతే.

గోళ్ళు నేల మీద టకటకలాడితే కత్తిరించే సమయమైనట్టు. నల్ల గోరులో రక్తనాళం కనబడదు, అందుకే బియ్యపు గింజంత చొప్పున తీయండి. పాదాల మెత్తల మధ్య బొచ్చు పెరిగితే నున్నటి నేల మీద జారుతుంది. మొండి మొన కత్తెరతో మెత్తలకు సమంగా కత్తిరించండి. పరుగు మధ్యలో వెనక కాలు ఎత్తి రెండు గెంతులు గెంతి మళ్ళీ మామూలుగా నడిస్తే ఆటనుకోకండి. మోకాలి చిప్ప జరుగుతుండవచ్చు. తోక కింది బొచ్చు పొట్టిగా ఉంచండి. మలం అక్కడ అంటుకుని గట్టిపడితే దారి మూసుకుపోతుంది. చెప్పడానికి బాగోలేదు కానీ చేయకపోతే ఇంకా బాగోదు.

కుక్కపిల్లలకు తిండి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. బాగా చిన్నవి పూట తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతాయి. పెద్దవాటికి రెండు పూటలు చాలు. లావెక్కిందా లేదా అన్నది చూసి చెప్పలేరు, వేళ్ళతో పక్కటెముకలు తడమాలి. తేలిగ్గా తగలాలి, వెతుక్కోవాల్సి వస్తే తిండి తగ్గించండి. టీకాలు, నులిపురుగుల మందు, పిడుదుల మందు ఎప్పుడెప్పుడు అన్నది మీ డాక్టరు రాసిచ్చిన కార్డు ప్రకారం నడపండి.

ఎండ దీనికి శత్రువు. కుక్కలు ఒగర్చి చల్లబడతాయి. ముక్కు పొట్టిది కావడంతో ఆ ఒగర్పు సరిగా పనిచేయదు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక నడిపించండి. మీ చేతి వెనక భాగం నేల మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆనించలేవు. చిగుళ్ళు ముదురు ఎరుపైనా, తూలినా, వాంతి చేసుకున్నా చల్లటి నీళ్ళు ఒళ్ళంతా పోసి, గాలి తగలనిస్తూ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నడకకు మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగేది వాడండి. ఊపిరిగొట్టం మీద బరువు పడదు.

చేమంతి బొచ్చు ఇప్పుడు పొట్టిగానే ఉంచుతున్నాను, వయసు మీద పడ్డాక అంతసేపు ఒకే వైపు పడుకోలేదు. వరుస మాత్రం మారలేదు. పోయిన నెల కుడి పక్కటెముకల మీద శనగగింజంత గడ్డ దువ్వెనకు తగిలింది. సూదితో తీసి పరీక్షిస్తే ఉత్త కొవ్వని తేలింది. అది ఎక్కడుందో, ఎంతుందో తారీఖుతో సహా ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను, వారానికోసారి స్కేలు పెట్టి కొలుస్తున్నాను. ఈ మధ్య దువ్వుతుండగానే నిద్రపోతోంది. ఒక వైపు అయ్యాక రెండో వైపుకు తిప్పాలంటే లేపాలి. లేపబుద్ధి కాక, ఆ వైపు మర్నాటి పొద్దున్నే చేస్తున్నాను.